వాచ్‌మన్ పండుకునే సినిమాలు

మా నాయినకు పాత సైన్సు సినిమాలంటే పిచ్చి. మంచివి అనుకునేరు. మంచివి పెడితే పది నిమిషాలల్ల గురక మొదలైతది. ఆయనకు కావాల్సినవి బేకార్ సినిమాలు. అట్టపెట్టెకు వెండికాగితం చుట్టి రోబో అనేటివి, రెండు స్టీలు పళ్ళాలు ఒకదాని మీద ఒకటి బోర్లిచ్చి వేరే గ్రహం నుంచి వచ్చిన ఓడ అనేటివి, ఆ ఓడను లాగే దారం సాఫ్ కనవడేటివి. అసుంటిది ఒక్కటి దొరికిందంటే మా ఇంట్ల ఆదివారం పండుగే.

మేము ముగ్గురమే. నిజాంపేటల మూడో అంతస్తుల రెండు రూముల కిరాయి ఇల్లు. నేను చిన్నపిల్లగ ఉన్నప్పుడే సంగారెడ్డి అవతల ఊరు ఇడిచిపెట్టి వచ్చి, గచ్చిబౌలిల ఒక ఐటీ క్యాంపస్ గేటు కాడ సెక్యూరిటీగ చేరిండు నాయిన. అదే గేటు కాడ ఇరవై ఏండ్లు నిలవడ్డడు. అమ్మ మదీనాగూడల ఒక షాపింగ్ మాల్‌ల హౌస్‌కీపింగ్ చేస్తుండె. నేను హైటెక్ సిటీల ఒక కంపెనీల టెస్టింగ్ చేస్త. టెస్టింగ్ అంటే ఏం లేదు, వేరేటోళ్ళు రాసిన ప్రోగ్రాంల తప్పులు పట్టుడు. నాయిన పని గూడ గదే, గేటు దాటి వచ్చేటోళ్ళల్ల తప్పు పట్టుడు. తండ్రీబిడ్డలం ఇద్దరం ఇదే పని మీద బతికినోళ్ళం. సినిమా ముందల కూసుంటే ఊకుంటమా?

ఆ సినిమాల మీద నాయినకు ఒక పెద్ద కోపం ఉండె. ప్రతి దాంట్ల ఒక సైంటిస్టు ఉంటడు. ఆయనకో బంగ్లా ఉంటది. బంగ్లాకు గేటు, గేటు కాడ వాచ్‌మన్. ఆ వాచ్‌మన్ ఎప్పుడు జూసినా స్టూలు మీద కూసోని పండుకునే ఉంటడు. ఒకవేళ మేల్కోని ఉన్నడా, ఫస్టు సచ్చేది ఆయనే. ప్రపంచం మొత్తం మునిగిపోయే ఫార్ములా లోపల పెట్టుకోని గేటు కాడ ఒక్కణ్ణే పెడతరా, రెండోవాడు ఏడి, టార్చిలైటు ఏది, కనీసం ఊదేటందుకు ఒక సీటీ అన్న ఇయ్యరా అని టీవీని నిలదీసెటోడు. ఈ కథలు రాసెటోడు జిందగీల ఒక్కరోజన్న గేటు కాడ నిలవడ్డడా అనేది ఆయన ప్రశ్న. దానికి ఇప్పటిదాంక ఎవ్వరూ జవాబు చెప్పలె.

సెక్యూరిటీ నౌకరిల తప్పు చేస్తే మెమో ఇస్తరు. ఏం తప్పు చేసినవో కాగితం మీద రాసి, కింద నీతోని సంతకం పెట్టిచ్చుకుంటరు. నాయిన ఇరవై ఏండ్లల్ల రెండే మెమోలు తీసుకున్నడు. రెండూ అన్యాయమే అని ఎన్నిసార్లు చెప్పిండో లెక్క లేదు. ఆ కసి మొత్తం ఆదివారం నాడు సినిమాల మీద తీర్చుకునెటోడు. ఫార్ములా కాగితం టేబుల్ మీద చాయ్ గ్లాసు కింద పెట్టి పోయిన సైంటిస్టుకు మెమో. పొగ వచ్చే సీసాల నడుమ కొంగు గాలికి ఇడిచి ఉరికే హీరోయిన్‌కు మెమో. పక్క గ్రహం రాజు నెత్తి మీద కిరీటం పెట్టుకోని, పదిమంది బలగంతోని, రిజిస్టర్‌ల పేరు గూడ రాయకుండ సీదా లోపలికి పోతే రాజుకు మెమో, ఆయనతోని వచ్చిన పదిమందికి పది మెమోలు. రోబోను జూసి ఒకసారి సినిమా ఆపమన్నడు. స్క్రీన్ దగ్గరికి పోయి వంగి జూసి, యూనిఫాం కింద హవాయి చెప్పులు అని చెప్పి, మెమో ఇచ్చి వచ్చి కూసున్నడు. నిజంగనే ఆ రోబో కాళ్ళకు నీలం పట్టీల హవాయి చెప్పులున్నయి. ఇన్నిసార్లు జూసిన నాకు కనవడలే, ఆయనకు కనవడ్డయి. ఇరవై ఏండ్లు మందిని కింది నుంచి మీదికి జూసిన కండ్లు మరి.

నేను బగ్గులు చెప్తుంటి, మా ఆఫీసు భాషల తప్పులు. రాజు గ్రహం మీద నీళ్ళు లేవని భూమి నీళ్ళకు వచ్చిండు గదా, మరి అక్కడ ఈత కొలనుల పాట ఎట్ల పాడిండు అని నేను అడుగుతే, శభాష్ బిడ్డా, ఇది పెద్దది, ఇది రాసుకో అనెటోడు. ఒక సినిమాల వేరే గ్రహం అని చూపిచ్చిన రాతి గుండ్లన్నీ గచ్చిబౌలి దిక్కువేనని ఆయన వాదన. ఫలానా గుండు పక్కపొంటి మా క్యాంపస్ గోడ వస్తది, ఆ రాజు ఇప్పుడు నిలవడ్డ జాగలనే నా డ్యూటీ అని చెప్పెటోడు. నిజమో కాదో నాకు తెల్వదు. ఆ తర్వాత ఆయన గేటు ముందలికెళ్ళి బైక్ టాక్సీ మీద పోయినప్పుడల్లా మాత్రం నాకు ఆ రాజు యాదికొచ్చి నవ్వొస్తుండె. నడిపే అన్న అద్దంల నన్ను జూసి పరేషాన్ అయ్యెటోడు.

ఇగ నాయిన నవ్వు సంగతి. మొదలు సప్పుడు రాదు. భుజాలు ఎగురుతయి. కండ్ల నీళ్ళొస్తయి. మేము ఇగ అయిపోయింది అనుకునేసరికి లోపలికెళ్ళి కుక్కర్ సీటీ లెక్క ఒకటి లేస్తది. ఆ సీటీ లేసిందంటే నేను గూడ అయిపోయిన్నట్టే. కడుపు పట్టుకోని కింద పడి దొర్లుడే. ఊపిరాడక, ఆపు నాయినా, సస్త నాయినా అని మొత్తుకునేదాన్ని. అమ్మ మాత్రం మా ఇద్దరినీ కసురుకునేది. ఆమెకు ఆ సినిమాలు నిజంగనే నచ్చుతయి. రోబో బ్యాటరీ అయిపోయి పడిపోతే కొంగుతోని కండ్లు తుడుచుకునేది. కష్టపడి తీసినోళ్ళను ఎక్కిరిస్తే మీకేమొస్తది అని అడిగేది.

ఏమొస్తదో నాకు తెలుసు. గేటు కాడ నాయిన నాకన్న చిన్నోళ్ళకు సలాం కొడతడు. సంచీ చూపియ్యండి సార్, ట్యాగ్ ఏసుకోండి మేడం, ఇక్కడ సంతకం చెయ్యండి సార్. దినమంతా గదే. కొందరు కండ్లెత్తి గూడ జూడరు. ఆదివారం పొద్దుగాల మటన్ తిని, లుంగీ మీద కూసోని, రాజులకు మెమోలు ఇచ్చేటప్పుడు ఆయన ఆఫీసర్. ఆ రెండు గంటలు ఆయన నోటికి ఎదురులేదు. నాకు ఆ మనిషి అంటే ప్రాణం.

పోయిన ఎండకాలం ఒక పొద్దుగాల డ్యూటీ దిగొచ్చి చాయ్ తాగుతుండె. చేతిలకెళ్ళి గ్లాసు జారింది. అమ్మ తిట్టబోయింది. ఆయన కుడి చెయ్యి దిక్కు జూస్తున్నడు, ఎవరిదో చెయ్యి జూసినట్టు. ఏమైంది అంటే మూతి వంకర పోయింది గని మాట రాలే. ఆటోల దవాఖానకు ఉరికినం. పక్షవాతం అన్నరు. పదిహేను దినాలకు ఇంటికి తీసుకొచ్చినం. కాలు జర జర తిరిగింది. చెయ్యి సగం వచ్చింది. మాట రాలే.

మాట అసలే రాలేదంటే అబద్ధం. ఒక్కటి వచ్చింది. సంతకం. నీళ్ళు కావాలన్నా సంతకం, బాత్రూంకు పోవాలన్నా సంతకం, ఫ్యాన్ తగ్గియ్యమన్నా సంతకం. అమ్మను పిలిచినా గదే. మొదటి దినం నాకు నవ్వొచ్చింది, తప్పే, కాని ఆపుకోలేకపోయిన. ఆయన నా మొహం జూసిండు. ఇప్పుడు గూడ ఆ చూపు యాదికొస్తే నా చెంప నేనే కొట్టుకోవాలనిపిస్తది. ఆయనకు తెలుసు తన నోట్లకెళ్ళి తప్పు మాట వస్తున్నదని. వేరే మాట కోసం లోపల వెతుకుతున్నడు. నోరు తెరిస్తే మళ్ళ గదే పడుతున్నది.

దవాఖానల మాటలు నేర్పే మేడం ఒకామె ఉండె, నా ఈడుదే. మీ నాన్నగారికి అన్నీ అర్థమవుతున్నాయండి, మాట బయటికి రావడం దగ్గరే ఇబ్బంది అని చెప్పింది. అలవాటుగ అనే మాటలు ముందుగాల వచ్చే అవకాశం ఉంటదన్నది. లెక్కవెట్టుడు, తిట్లు, పాటలు, ఊతపదాలు అసుంటివి. మొదటి నెలలు మంచి టైమన్నది. ఆయనకు ఇష్టమైన పనులు చేయించండి, కాని పరీక్ష పెట్టినట్టు చెయ్యకండి అని గూడ అన్నది. నేను మొదటి సగం మంచిగ ఇన్న. రెండో సగం నా చెవుల దాంక రాలే. నా బుర్రల అప్పటికే సినిమా ఆడుతున్నది. అలవాటు మాటలంటే మా నాయినకు మెమోలే గదా! ఏ సినిమాల, ఏ జాగల, ఎవరికి మెమో ఇస్తడో నాకు బాగ ఎరుక. ఆ జాగలన్నీ వరుసగ పెట్టుకోని, అక్కడ సినిమా ఆపి, ఆయనకు జాగ ఇస్తే మాట దానంతటదే వస్తదని అనుకున్న. దవాఖానల ఎవ్వరికీ తోచని మందు నాకే తోచిందని మస్తు మురిసిపోయిన.

ఆఫీసుల ఏం చేస్తనో ఇంట్ల గూడ అదే చేసిన. ల్యాప్‌టాప్‌ల షీటు తయారుచేసిన. ఒక గడిల సీను, ఒక గడిల ఆయన అనాల్సిన మాట, ఒక గడిల ఆయన అన్న మాట. మాట వస్తే పచ్చరంగు. రాకపోతే ఎర్రరంగు. నా పనిల టెస్టు పాసైతే పచ్చ, ఫెయిలైతే ఎరుపు. నా చేతులకు వేరే రంగులు తెల్వవు.

మొదటి ఆదివారం రాజు సినిమా పెట్టిన. ఆయనకు అన్నిటికన్న ఇష్టమైంది. కుర్చీల కూసోబెట్టి, కుడి చేతి కింద దిండు పెట్టి, అంతా సవరిచ్చిన. బంగ్లా గేటు వచ్చింది. వాచ్‌మన్ స్టూలు మీద పండుకోని ఉన్నడు. రాజు లోపలికి కాలు పెట్టిండు. నాయిన భుజాలు జర కదిలినయి. నేను రిమోట్ ఒత్తి సినిమా ఆపిన. ఆయన దిక్కు తిరిగిన.

"చెప్పు నాయినా. వీనికేమియ్యాలె?"

ఆయన టీవీ దిక్కు జూసిండు, నా దిక్కు జూసిండు. పెదవులు కలిసినయి, ఇడివడ్డయి. నేను మనసుల ముప్పై దాంక లెక్కవెట్టిన. నొసటి మీద చెమట పట్టింది ఆయనకు. సంతకం అన్నడు. కాదు నాయినా, మె, మె అని నేను మొదలు అందిచ్చిన, ఒకటో తరగతి పంతులమ్మ లెక్క. ఆయన కండ్లు మూసుకున్నడు. నేను గడికి ఎరుపు ఏసి సినిమా మళ్ళ నడిపిచ్చిన. రెండు నిమిషాలకు మళ్ళ ఆపిన.

రెండు గంటల సినిమా అయిదు గంటలు నడిచింది. అమ్మ వంటింటి గడప కాడ నిలవడి జూస్తుండె. ఆయనను జూసుకునేటందుకు మాల్‌ల పని బంద్ చేసింది అప్పటికే.

"ఆడనియ్యి బిడ్డా, సినిమాను ఆడనియ్యి," అన్నది.

నీకేం తెలుసు, ఊకో అని కసిరిన. నేను చదువుకున్న, ఆమె చదువుకోలే. ఆ ఒక్క ముక్క మీద ఎన్ని తప్పులు చేసిన్నో.

అట్ల ఆదివారం తర్వాత ఆదివారం. నాకు గడువు గుర్తుకొస్తనే ఉండె. మొదటి నెలలు మంచి టైమన్నరు, ఆ నెలలు కరిగిపోతున్నయి, మాట రాకపోతే ఇగ రాదేమో. నేను మళ్ళ ఆయన నోట మెమో అనే మాట ఇనాలె. నాకు కావాల్సింది గంతే. ఆయన నాతోని ఏం మాట్లాడకున్నా మంచిదే, రాజును ఒక్కసారి తిట్టాలె. కుక్కర్ సీటీ ఒక్కసారి లేవాలె. ఆఫీసుల కూసోని గూడ అదే ఫికర్. మీటింగుల ఎవరో ఏదో అడుగుతే, ఏ సీను అని అడిగిన ఒకసారి. అందరు నవ్విన్రు.

మూడో నెలల ఒకనాడు రాజు రిజిస్టర్ పక్కకెళ్ళి పోతున్నప్పుడు, నేను సినిమా ఆపకముందే, నాయిన ఎడమ చెయ్యితోని కుర్చీ మీద గట్టిగ కొట్టి సంతకం అన్నడు. నేను ఎగిరి గంతేసిన. రాజు రిజిస్టర్‌ల సంతకం పెట్టలే, నాయిన పట్టుకున్నడు! పచ్చరంగు ఏసిన. అమ్మను కౌగిలిచ్చుకున్న. తెల్లారి ఆఫీసు మెట్ల మీదికెళ్ళి మేడంకు ఫోన్ చేసిన. ఆమె అంతా ఇన్నది. ఇని, నీళ్ళు కావాలంటే ఏమంటారండి అని నెమ్మదిగ అడిగింది. సంతకం అంటడు అన్న. మంచి సంగతేనండి, ఆయన సినిమాలో లీనమయ్యారు కదా అని కాసేపటికి అన్నది. ఆమె మంచిది, నా మనసు ఇరవద్దని అన్నది. సాయంత్రం ఇంటికొచ్చి ఆ ఒక్క పచ్చ గడిని ఎర్రగ చెయ్యబుద్ధి గాలే, పచ్చగ ఉంచబుద్ధి గాలే. పసుపు ఏసిన. ఆయన నిజంగ రాజును పట్టుకున్నడా, నోట్ల ఉన్న ఒక్క మాట అక్కడ పడ్డదా అనేది ఈ జన్మల నాకు తెలిసేది లేదు.

తర్వాతి వారం నేను చాయ్ పెట్టుకొచ్చేసరికి ల్యాప్‌టాప్ ఆయన ఒళ్ళె ఉన్నది. నేనే తెరిచి మంచం మీద పెట్టి పోయిన. షీటు తెరిచే ఉన్నది. నాయినకు చదువుడు పోయింది, తన పేరు గూడ గుర్తుపట్టడు. రంగులు పోలేదు గదా. ఎడమ చేతి వేలు స్క్రీన్ మీద పెట్టి, మీదికెళ్ళి కిందికి ఒక్కో ఎర్ర గడి దాటుకుంట వస్తున్నడు. గేటు కాడ రిజిస్టర్‌ల పేర్లు జూసినట్టే. ఒక్కటి గూడ ఇడువలే. కింది దాంక వచ్చి ఆగిండు. తల ఎత్తి నన్ను జూసిండు. ఆయన ఇరవై ఏండ్లల్ల రెండే మెమోలు తీసుకున్న మనిషి. నేను మూడు నెలలల్ల షీటు నిండ ఇచ్చిన.

నేను ఏం చెయ్యాలె అప్పుడు? షీటు తీసెయ్యాలె. కాళ్ళు పట్టుకోవాలె. నేనేం చేసిన్నో చెప్త, నవ్వుకోండి. ఆ రాత్రికి రాత్రి కూసోని ఎర్రరంగు తీసి అన్నిటికి నీలం ఏసిన. నీలమైతే ఆయనకు బాధ అనిపియ్యదని. ఇసుంటి తెలివి నా అసుంటి కొలువు చేసినోళ్ళకు తప్ప ఎవ్వరికీ రాదు.

ఆ ఆదివారం సినిమా పెట్టంగనే నాయిన పండుకున్నడు. కూసున్న కుర్చీలనే, గడ్డం ఛాతీ మీదికి వాలి, గురక గూడ. తర్వాతి ఆదివారం గూడ అంతే. పేర్లు పడుతుంటేనే కండ్లు మూతలు. ఇరవై ఏండ్లు డ్యూటీల కన్ను మూయని మనిషి. నాకు మస్తు భయమైంది. మళ్ళ ఏమన్న వస్తున్నదా తలకాయల అని. దవాఖానకు తీసుకపోయి, గోలీలు ఎక్కువైనట్టున్నయి, జర తగ్గియ్యండి అని డాక్టరుతోని పంచాయితి పెట్టిన. డాక్టరు అన్నీ జూసి, ఈ గోలీలకు నిద్ర రాదమ్మా, ఆయన బాగనే ఉన్నడు అన్నడు. దినాం ఎన్ని గంటలకు నిద్రపోతడు అని అమ్మను అడిగిండు. అమ్మ నా మొహం జూసి, మామూలుగనే పోతడు సార్ అన్నది. ఇంకేదో చెప్పేటట్టుండె. చెప్పలే. నేను గూడ అడగలే. ఊకో అని అన్ని సార్లు అన్న గదా, నిజంగనే ఊకున్నది.

పోయిన బుధవారం ఆఫీసుల సర్వర్లు పడిపోయినయి. పకోడీలు తినుకుంట గంట కూసున్నం, బాగుగాలే. ఇంటికి పోయి చేసుకోండి అన్నరు. మధ్యాహ్నం మూడింటికి నిజాంపేటల బైక్ టాక్సీ దిగిన. అమ్మకు ఫోన్ చెయ్యలే. వేడి వేడి మిర్చీ బజ్జీలు కట్టిచ్చుకోని మెట్లెక్కిన. రెండో అంతస్తు దాటంగనే సంగీతం ఇనవడ్డది. రాజు ఓడ దిగేటప్పుడు వచ్చే సంగీతం. నాకు తెల్వని సంగీతమా అది?

మూడో అంతస్తు మీద మా తలుపు ముందల నిలవడ్డ. తాళంచెవి తీసిన. లోపలి నుంచి నాయిన గొంతు వచ్చింది.

మాటలు గావు. ఒక్కటి గూడ మాట గాదు. ఉత్త సప్పుడు, కాని ఆ సప్పుడు ఎత్తులు ఎక్కుతున్నది, దిగుతున్నది, అడుగుతున్నది, నిలదీస్తున్నది. ఏందిరా నువ్వు, ఎవడ్రా నిన్ను లోపలికి ఇడిచింది అని తిట్టేటప్పటి రాగం అచ్చం అదే. ఎక్కడ ఆగాల్నో అక్కడనే ఆగుతున్నడు. సినిమా మాత్రం ఆగుతలేదు. రాజు ఆయన పాటికి ఆయన నడుస్తనే ఉన్నడు, నాయిన ఆయన ఎంబడి పడి తిడుతనే ఉన్నడు. నా షీటుల ఈ సప్పుళ్ళన్నీ ఫెయిలే.

తర్వాత కాసేపు ఏం ఇనరాలే. ఆ ఆగుడు నాకు తెలుసు. భుజాలు ఎగురుతుంటయి ఇప్పుడు, కండ్ల నీళ్ళు వస్తుంటయి అనుకున్న. అనుకుంటుండంగనే లేసింది సీటీ. అయిదు నెలలు నేను దేని కోసం సచ్చిపోయిన్నో అది. అమ్మ అంటున్నది, ఇగ చాలు, నవ్వకు, పొలమారుతది, ఈ నీళ్ళు తాగు అని. ఆమె గూడ నవ్వుతున్నది. ఆమె గొంతుల నవ్వు ఇనవడుతున్నది. ఈ సినిమాలకు అమ్మ నవ్వంగ నేను ఎప్పుడూ ఇనలే.

తాళంచెవి తలుపుల పెట్టిన. వెంటనే తీసిన. తిప్పితే ఏమైతదో నాకు ఎరుకే. తలుపు సప్పుడుకు నవ్వు ఆగుతది. గడ్డం ఛాతీ మీదికి వాలుతది. గురక మొదలైతది. అమ్మ రిమోట్ పట్టుకోని నా దిక్కు జూస్తది. నన్ను జూసి భయపడే మనిషిని చేసిన మా నాయినను. ఎట్ల సరిచెయ్యాల్నో నాకు తెల్వదు. లోపలికి పోయి తప్పైంది అంటే అర్థమైతదేమో, కాని అప్పుడు ఈ సినిమా సగంల ఆగుతది. ఆయన సినిమాను ఇంకొక్కసారి నేను ఆపలేను.

మెట్ల మీద కూసున్న. లోపల సీటీ మళ్ళ లేసింది. నాకు నవ్వొచ్చింది. నోటికి చున్నీ అడ్డం పెట్టుకున్న, ఏడుపు గూడ వచ్చింది, రెండూ ఆగలే. మిర్చీలు సల్లారిపోయినయి. మా పై ఇంట్ల ఉండే భీమవరం ఆంటీ కూరగాయల సంచీతోని మెట్లెక్కి వచ్చి, నన్ను జూసి ఆగిపోయింది.

"ఏమ్మా, ఇక్కడ కూర్చున్నావేంటి? తాళం మర్చిపోయావా?"

తాళంచెవి నా చేతిలనే ఉన్నది. పిడికిలి మూసిన.

"అవును ఆంటీ," అన్న. "మర్చిపోయిన."